నా నోరూ, కోళ్ళ కాలేయమూ

నేను కోళ్ళను నోటితో చంపుతానని మా వీధి మొత్తం నమ్మిన కాలం ఒకటుంది. కత్తి అక్కర్లేదట, విషం అక్కర్లేదట. గూటి ముందు నిలబడి "అబ్బబ్బా, ఏం పెట్ట ఇది! నడిస్తే నేల అదురుతాది" అని ఒక్క మాట అంటే చాలట, మర్నాటికి ఆ పెట్ట కాళ్ళు బారజాపుకుని పడి ఉంటుందట. ఈ మహత్తర సిద్ధాంతాన్ని కనిపెట్టింది మా అత్త. ప్రచారం చేసింది ఎదురింటి పెద్దమ్మ. ఒప్పుకోనిది నేనొక్కదాన్నే.

నా నోటి సంగతి ముందే చెప్పుకోవాలి. మా పుట్టిల్లు బాగేపల్లి దగ్గర. అక్కడ నీళ్ళు తక్కువ, మాటలు ఎక్కువ. కెంచార్లహళ్ళి పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చి జుట్టు నెరిసినా ఆ మాటల ఊట ఎండలేదు. నా నోట్లో పడితే దోసకాయ గుమ్మడికాయవుతుంది, గుమ్మడికాయ ఎద్దులబండికి కూడా పట్టదు. ఒకసారి మా ఆయనకు జ్వరం వస్తే చుట్టాలకు ఫోన్లో చెప్పాను. నేను చెప్పిన తీరుకు ఇద్దరు పూలదండలు పట్టుకుని వచ్చేశారు. ఆయన లేచి కూర్చుని వాళ్ళకు కాఫీ ఇవ్వాల్సి వచ్చింది.

అలాంటి నోటికి అలాంటి కోళ్ళు దొరికాయి. పశువుల ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ఎర్రరంగు పిల్లలు. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేవి. పెంచగా పెంచగా ఒక్కొక్కటి మా ఆయన స్కూటరంత అయింది. సరే, స్కూటర్ సీటంత. గుడ్లు చూసినవాళ్ళు కోడిగుడ్లా, బాతుగుడ్లా అని అడగకుండా పోలేదు. నేను పొగడకుండా ఎలా ఉంటాను? చింతామణి సంతకు పోయినా, పెళ్ళికి పోయినా, చావుకు పోయినా నా కోళ్ళ ప్రస్తావన లేకుండా ఇల్లు చేరిన రోజు లేదు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటుంది. తొలి వానలకు చేలల్లో విత్తనం పడగానే తప్పెట కొట్టి చాటిస్తారు. మొలకలు నిలదొక్కుకునేదాకా ఎవరి కోళ్ళను వాళ్ళు మూసిపెట్టుకోవాలి. చేలో కనబడిన కోడి ఆ చేనివాడిది, కూరతో సహా. ఆ ఏడు రాగి మొలిచింది, నిలదొక్కుకుంది. ఇక వదలొచ్చు అనుకునేసరికి మా గోడ పక్కన టమాటా నారు పోశారు. అది అయ్యేసరికి కొత్తిమీర. నా పెట్టలు గూట్లోంచి కదల్లేదు.

అక్కడే మా ఊరివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి జరిగింది. కోళ్ళను మూసిపెట్టామన్న బాధ మా అందరి గుండెల్లో పుండై కూర్చుంది.

"పాపం, నోరులేని జీవాలు. జైల్లో యేసినట్ల యేసినామే" అని మా అత్త పొద్దున్నే రాగిముద్ద కలిపేటప్పుడు కోళ్ళకంటూ ఒక ముద్ద ఎక్కువ తిప్పేది. మామూలు ముద్ద కాదు, మా మామయ్య కంచంలో వేసే సైజు ముద్ద. మధ్యాహ్నం మా ఆయన మొక్కజొన్న నూక చల్లేవాడు. సాయంత్రం మిగిలిన అన్నం. ఎదురింటి పెద్దమ్మ మనవడి నామకరణంలో మిగిలిన పాయసం గిన్నెడు తెచ్చి పోసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా వదినవాళ్ళు పట్టుగూళ్ళ నుంచి పట్టుదారం తీస్తారు. దారం పోగా లోపల మిగిలే పురుగును సంచులతో తెచ్చి పెట్టాను. జైలు జీవితం అంటే అదీ. తిని, తాగి, గుడ్డు పెట్టి, మళ్ళీ పళ్ళెం వంక చూసేవి. నాకే ఒక దశలో నన్ను కూడా అందులో వేసి మూసేస్తే బాగుండనిపించింది.

మొదట పోయింది అన్నిటికంటే పెద్ద గుడ్లు పెట్టే పెట్ట. ముందురోజు సాయంత్రం దాకా తిన్నది తిన్నట్టే ఉంది. పొద్దున గుడ్లు పెట్టే బుట్టలోనే వాలిపోయి ఉంది. ఎర్రగా నిగనిగలాడే తురాయి తెల్లబడింది. దెబ్బ లేదు, జబ్బు లేదు. ఆ తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ లావుపాటిదే, బాగా గుడ్లు పెట్టేదే. గూట్లో ఒక బక్కపెట్ట ఉండేది. మిగతావి దాన్ని పొడిచి పొడిచి పళ్ళెం దగ్గరికి రానిచ్చేవి కావు. ఈకలు ఊడి, పాత చీపురులా ఉండేది. దానికి మాత్రం తుమ్ము కూడా రాలేదు.

మా అత్తకు సాక్ష్యం దొరికింది.

"చూస్తివా? నువ్వు పొగిడినవన్నీ పోతాండాయి. పొగడంది ఒకటే ఉండాది, అది మాత్రం గుండ్రాయి మాదిరి ఉండాది. నీ నోరేనే తల్లీ, నీ నోరే దిష్టి."

"అత్తా, నువ్వు గూడా బాగుండావని రోజూ అంటాండా గదా. నువ్వేం పోలేదే?"

"నాకు మురుగమల్ల దర్గాలో కట్టించుకున్న తాయెత్తు ఉండాది" అంది మా అత్త, జబ్బ చూపించి.

మా ఆయన వైపు చూశాను. ఆయన ఎటూ చెప్పని మనిషి. "రెండుపక్కలా నిజం ఉండచ్చులే" అని మల్బరీ తోటకు నీళ్ళు కట్టడానికి పోయాడు. ఆ తోటకు ఆయన కట్టినన్ని నీళ్ళు సముద్రంలో కూడా లేవు. ఇంట్లో తగవు వచ్చినప్పుడల్లా పోయి కడతాడు మరి.

తీర్పు వచ్చింది. మురుగమల్లకు కోళ్ళు తోలే వ్యాపారిని పిలిచి మిగిలినవన్నీ ఇచ్చేయాలి. అంతవరకు నేను గూటి దగ్గరికి పోయి నోరు తెరవకూడదు.

ఇంతవరకు నాకు నవ్వుగానే ఉంది. కోళ్ళు పోతే పోయాయి, మళ్ళీ పెంచుకుంటాను. నవ్వు ఆగిపోయింది ఆ మర్నాడు. ఎదురింటి పెద్దమ్మ మనవణ్ణి చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. బూరెల్లాంటి బుగ్గల పిల్లాడు. నేను చేతులు చాచి దగ్గరికి పోయాను. నేను నోరు తెరిచేలోగా ఆమె కొంగు లాగి పిల్లాడి మొహం మీద కప్పేసింది. కప్పింది, లోపలికి పోయింది.

ఆ కొంగు నాకు వీధంత వెడల్పు కనిపించింది. నోటి దోషం ఉన్న మనిషి అని ఊళ్ళో ఒకసారి పేరుపడితే ఏమవుతుందో నాకు తెలుసు. పసిబిడ్డ ఉన్న ఇంటికి పిలవరు. ఈనిన ఆవు దగ్గరికి రానివ్వరు. సీమంతంలో వెనక వరసలో కూర్చోబెడతారు. నోరు తప్ప నాకున్న ఆస్తి ఏముంది? దాన్ని ఊరంతా కలిసి కుట్టేస్తామంటే చూస్తూ ఊరుకోవాలా?

మరునాడు మరో పెట్ట పోగానే దాన్ని సంచిలో వేసుకుని చింతామణి బస్సెక్కాను. కండక్టర్ సంచిలోకి తొంగిచూసి "కోడికి టికెట్ తియ్యాలమ్మా" అన్నాడు. "సచ్చిపోయిందప్పా" అన్నాను. అతను కాసేపు ఆలోచించి "అయితే లగేజి" అన్నాడు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నా కథ మొత్తం విన్నది. నా కథ మొత్తం వినడం అంటే మామూలు ఓపిక కాదు. ఆ తర్వాత చేతికి తొడుగు వేసుకుని పెట్టను కోసింది. పొట్టలో పసుప్పచ్చ కొవ్వు దుప్పటి పరిచినట్టుంది. కాలేయం ముదురు ఎరుపు రంగులో ఉండాలి గదా? ఉడకబెట్టిన కందిపప్పు రంగులో, ఉండాల్సినదానికి రెండింతలుంది. వేలు పెడితే వెన్నలా చితికిపోయింది. దాని చుట్టూ నల్లటి నెత్తురు గడ్డ.

"దిష్టి తగిలితే ఇట్లే ఉంటాదా డాక్టరమ్మా?" అన్నాను.

"దిష్టి ఎట్లుంటాదో నేను చదవలేదమ్మా. ఇది మాత్రం చదివినా. లివరుకి కొవ్వు పట్టింది. మెత్తబడి, లోపల నరం తెగి నెత్తురు కారింది. గుడ్డు పెట్టేటప్పుడు ముక్కుతాది గదా, ఆ ఒత్తిడికి తెగతాది. తురాయి తెల్లగా అయ్యింది అందుకే."

"అయితే బాగా గుడ్లు పెట్టేవే ఏంటికి పోతాండాయి?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకూ ఒకటి చూపించింది.

"కోడి ఒంట్లో కొవ్వు తయారయ్యేది దాదాపు అంతా లివర్లోనే. గుడ్డులో పచ్చసొన కావాలంటే కొవ్వు కావాల. పెట్టకి గుడ్డు పెట్టే వయసు వస్తానే అండాశయం నుంచి హార్మోన్ బయల్దేరి లివర్లో ఉండే జీన్లని లేపుతాది. లేవండి, కొవ్వు చెయ్యండి, సొనకి పంపండి అని. పుంజులో గూడా అవే జీన్లు ఉంటాయి. వాటిని లేపేవాళ్ళు ల్యాక నిద్రపోతాంటాయి. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టలో అవి అసలు పడుకోవు. సరే, మీరేం పెడతాండారు దానికి?"

చెప్పాను. నామీద నేనే అనుమానపడి పట్టుపురుగును ముందు చెప్పాను. అంత నూనె ఉన్న వస్తువు ఇంకొకటి లేదు గదా. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పురుగు కొంచెం పెడితే తప్పు ల్యాదు. ఎక్కువ పెట్టకండి. అసలు సంగతి ముద్ద. ముద్ద, మొక్కజొన్న, అన్నం, పాయసం. అదంతా లోపలికి పోయి చక్కెర అవుతాది. మూసిపెట్టిన కోడికి దాన్ని ఖర్చుపెట్టే పని యాడుండాది? మిగిలిన చక్కెరనంతా లివర్ కొవ్వుగా మారుస్తాది. చక్కెర వచ్చేకొద్దీ కొవ్వు చేసే జీన్లు ఇంకా గట్టిగా పని చేస్తాయి. ఒకపక్క హార్మోన్, ఒకపక్క ముద్ద, రెండూ కలిసి వాటిని తరుముతాండాయి. చేసిన కొవ్వుని లివర్లోంచి బయటికి మొయ్యాలంటే ప్రోటీను, కోలిన్ అని కొన్ని సరుకులు కావాల. ముద్దలో అవి చాలవు. అంతా ఆడే పేరుకుంటాది."

నాకు వెంటనే చింతామణి టమాటా మార్కెట్ కళ్ళముందు మెదిలింది. పంట విరగపండిన రోజు. జిల్లాలో ఉన్న టమాటాలన్నీ, లేని టమాటాలు కూడా, ఒక్క గేటులోంచి లోపలికి వస్తున్నాయి. బయటికి మోసే లారీ ఒక్కటి లేదు. పెట్టెల మీద పెట్టెలు పేరుస్తున్నారు. చివరికి గోడ కూలింది. నా పెట్ట కాలేయం అదే. నా నోటికి అందులో ఏ పనీ లేదు. నేను లారీ ఆపలేదు, గేటు తెరవలేదు.

"మరి ఆ బక్కది?"

"దాన్ని మిగతావి తిననీలేదు. గుడ్లు గూడా తక్కువ పెడతాది. పుట్టుకతో వచ్చే తేడా గూడా కొంత ఉంటాది, ఒకే తిండి తిన్నా ఒకదానికి కొవ్వు పడతాది, ఒకదానికి పట్టదు."

అంటే నేను పొగడడం వల్ల లావు కోళ్ళు చావలేదు. లావున్నాయి కాబట్టి పొగిడాను. లావున్నాయి కాబట్టి చచ్చాయి. ఈ ముక్క అర్థమయ్యేసరికి ఆ ఆస్పత్రిలోనే చప్పట్లు కొట్టాలనిపించింది. ఫోన్లో కాలేయాన్ని నాలుగు పక్కలనుంచీ ఫోటో తీసుకుని, దాణాలో కలపమని ఆమె ఇచ్చిన పొడి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాను.

మా అరుగు మీద మా అత్త, పెద్దమ్మ, ఇంకా వీధిలో సగం మంది ఉన్నారు. కోళ్ళ వ్యాపారి మోటారు సైకిలుకు ఇటూ అటూ గంపలు కట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు.

"దిష్టి కాదు. ముద్ద" అన్నాను.

అంతటి నిశ్శబ్దం మా వీధిలో నేనెప్పుడూ వినలేదు. చిక్కబళ్ళాపురం కొండల మీద గాలి కూడా ఆగిందనుకుంటాను. కోళ్ళు చచ్చినందుకు ఎవరూ ఇంత బాధపడలేదు. రాగిసీమలో పుట్టి, రాగి తిని బతుకుతూ, ముద్ద మీద నేరం మోపడమా?

"ముద్దనా?" అంది మా అత్త. ఆ గొంతులో కన్నీళ్ళున్నాయి. "ఈ ముద్ద తినే మీ మామ బావి తవ్వినాడే!"

"తిన్నాడు, తవ్వినాడు గదా అత్తా! మన పెట్టలు ఏం తవ్వినాయి? తిన్నాయి, కూచున్నాయి. పని చేసే ఒంటికి ముద్ద. మూసిపెట్టిన ఒంటికి కాదు."

ఫోన్ తీసి కాలేయం చూపించాను. మా అత్త కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"పచ్చగా ఉండాది గదా. దిష్టి పచ్చగానే ఉంటాది."

"దిష్టి రంగు నీకెవరు చెప్పిరి?"

"అనుభవం."

వ్యాపారి గంప విప్పి గూటివైపు నడిచాడు. నేను పోయి గూటికి వీపు ఆనించి నిలబడ్డాను. నా వీపు వెడల్పు గురించి నేను అబద్ధం చెప్పను. గూడు పూర్తిగా మూసుకుపోయింది.

"రాగి వెన్ను తీసేదాకా ఒక్క పెట్టని గూడా ముట్టుకోకండి. ముద్ద ఆపుతా, కోళ్ళని తిప్పుతా. కానీ నోరు ఆపను. ఇంతకుముందు ఒకసారి పొగిడితే ఇప్పుడు రోజూ పొగుడుతా, వీధి చివరిదాకా వినపడేట్ల. నా నోటికే చంపే బలముంటే అన్నీ పోవాల. అప్పుడు మీరే నా నోరు కుట్టండి. బతికినాయా, నన్ను చూసి ఎవరూ కొంగు కప్పడానికి లేదు."

చివరి మాట నేను పెద్దమ్మ వైపు తిరిగే అన్నాను. ఆమె కాళ్ళ వంక చూసుకుంది.

"మీ ఇంటి పంచాయితి తెగినాక ఫోన్ చెయ్యండమ్మా" అని వ్యాపారి గంపలు సర్దుకున్నాడు.

మల్బరీ ఆకు వాడుకున్నాక మిగిలే కట్టెలతో మా ఆయన పెరట్లో దడి కట్టాడు. ఈసారి తోటకు పారిపోకుండా కట్టాడు, ఆ సంగతి ఇక్కడ రాసిపెడుతున్నాను. దడిలో పేడదిబ్బ కలిసొచ్చింది. తప్పెట మాట తప్పలేదు, ఎవరి చేనూ తొక్కలేదు. పెట్టలు మొదటిరోజు నడవడం మర్చిపోయిన అధికారుల్లా నిలబడ్డాయి. మూడు అడుగులు వేసి ఆయాసపడ్డాయి. కొలిచిన దాణా, అందులో డాక్టరమ్మ ఇచ్చిన పొడి, మునగాకు, తోటకూర. ముద్ద లేదు. మొదటి వారమంతా నన్ను చూసిన చూపులకు నేను బూడిద కావాల్సింది. మా అత్త ఒకరోజు కొంగులో ముద్ద దాచుకుని దడి దగ్గర దొరికింది. "కాకులకి తెచ్చినా" అంది.

ప్రతి పొద్దునా కాఫీ తాగి గొంతు సవరించుకుని దడి దగ్గర నిలబడేదాన్ని.

"ఓ పెట్టా! నీ తురాయి చూసి సూర్యుడు సిగ్గుపడి ఆలస్యంగా లేస్తాండాడే! నీ గుడ్డు మొయ్యడానికి చింతామణి నుంచి లారీ రావాలే! నీ తొడ చూస్తే పయిల్వాన్లు పని మానుకుంటారే!"

వీధిలో తలుపులు ధడధడా మూసుకునేవి. కొందరు తమ దూడలను లోపలికి తోలుకునేవారు. నేను గొంతు ఇంకా పెంచేదాన్ని. బక్కపెట్టను కూడా వదల్లేదు. దాన్ని మహారాణి అన్నాను. అది కంగారుపడి దడి దూకబోయింది.

కొన్నాళ్ళకు ఒక పెట్ట పోయింది.

జనం వచ్చారు. పెట్టనూ నన్నూ మార్చి మార్చి చూశారు. మా అత్త నా వంక జాలిగా చూసింది, అది ఇంకా భరించలేకపోయాను. ఆ పూట దడి దగ్గర పొగడ్త లేదు. పెట్టను ముందుపెట్టుకుని పెరట్లో కూర్చున్నాను. నిజంగానే నాలో ఏదైనా ఉందా అనిపించింది. అనిపించలేదని రాస్తే అది నేను చేసిన అతిశయోక్తులన్నిటిలోకీ పెద్దదవుతుంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "ముందే పాడైన లివర్ ఉంటే ఒకటి రెండు పోతాయమ్మా. తిండి మార్చినరోజే కొవ్వు కరగదు, జీన్లు నెమ్మదించాల, పేరుకున్నది పోవాల. టైము పడతాది. ఆపకండి" అంది.

ఆపలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ దడి దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆ రోజు పొగిడినంత నా పెళ్ళిలో పురోహితుడు దేవుణ్ణి కూడా పొగడలేదు.

రాగి వెన్ను తీసింది. ఆ ఒక్కటి తప్ప మరే పెట్టా పోలేదు. తురాయిలు ఎర్రబడ్డాయి. పెట్టలు సన్నబడి, పేడదిబ్బను గాలికి ఎగరేస్తూ దడి లోపలంతా పరుగులు తీస్తున్నాయి. గుడ్లు కొంచెం చిన్నవయ్యాయి, ఆ మాట నా నోటితో అనడం నాకెంత కష్టమో చదివేవాళ్ళు ఊహించుకోవాలి.

నేను అరుగు మీదికి వీధిని పిలిచాను. "లెక్క తేలింది గదా?" అన్నాను.

మా అత్త తాపీగా వక్క నమిలింది. "తేలింది. రోజూ సాయంత్రం నువ్వు స్నానానికి పోయినప్పుడు నేను ఉప్పు తిప్పి పొయ్యిలో యేసినా. అందుకే బతికినాయి."

వీధంతా ఆహా అంది. నా పరీక్ష మొత్తం ఆ పొయ్యిలో చిటపటలాడింది.

"అత్తా, నీ ఉప్పు అంత గట్టిదా?"

"గట్టిదే."

"నేను రోజుకి వంద అబద్ధాలు అరిచినా ఆపేంత గట్టిదా?"

"ఆపింది గదా."

"అట్లయితే నేను ఏంటికి నోరు మూసుకోవాల? నువ్వు ఉప్పు తిప్పు, నేను వాగుతా. ముద్ద మాత్రం పెట్టద్దు."

మా అత్త వక్క నమలడం ఆపింది. "ఎట్లన్నా నువ్వు మూసుకోవు గదా" అంది.

"మూసుకోను."

వీధి దాటి పెద్దమ్మ వాకిట్లోకి పోయాను. పిల్లాడు ఆమె చంకలో ఉన్నాడు. ఆమె చెయ్యి కొంగు మీదికి పోయింది. నేను ఆగలేదు, అడగలేదు, పిల్లాణ్ణి లాక్కుని ఎత్తుకున్నాను.

"ఏం బిడ్డ వీడు! ఈ బుగ్గలు రెండు బస్సులకి టైర్లు చెయ్యచ్చు! వీడు ఏడిస్తే అంత దూరం విదురాశ్వత్థంలో నిద్రపోయేవాళ్ళు లేస్తారు!"

పిల్లాడు నా ముక్కు పట్టుకుని గట్టిగా పీకాడు. పెద్దమ్మ కొంగు వదిలేసింది. "మెల్లగా అరువు తల్లీ, చెవులు పోతాండాయి" అంది.

నేను ఇంకా గట్టిగా అరిచాను.